రౌలియా ఆస్ట్రేలిస్: నేలను అంటి పాకే చామంతి కుటుంబపు మొక్క - సాగు, ప్రవర్ధనం

న్యూజిలాండ్‌లో మాత్రమే సహజంగా పెరిగే రౌలియా ఆస్ట్రేలిస్ ఆస్టరేసి కుటుంబానికి చెందినది. 1840 దశకంలో అకరోవాలో మొక్కలు సేకరించిన ఫ్రెంచ్ నౌకాదళ వైద్యుడు ఎటియెన్ రౌల్ పేరే ఈ ప్రజాతికి నిలిచింది. దీని ఆకుల పొడవు సుమారు 2 మి.మీ. మాత్రమే. వాటిపై దట్టమైన వెండిరంగు నూగు ఉంటుంది. చామంతిలో కనిపించే రేకులవంటి అంచు పుష్పకాలు దీనికి లేవు; వేసవిలో చాప నిండా చిన్న పసుపు చుక్కలు మాత్రమే కనబడతాయి.

నదీగర్భాల గులకరాళ్ళ నుండి పర్వతాల గాలివాలు మిట్టల వరకు ఇది వ్యాపించి ఉంది. సెంట్రల్ ఒటాగోలో గొర్రెలు, కుందేళ్ళు గడ్డిని మొదలంటా మేసివేసిన భూములలో ఇది విస్తారంగా పరచుకున్నది. అచ్చటి రైతులు దీనిని 'పుండుపై పక్కు' అనే అర్థం గల పేరుతో పిలిచారు. అయితే పక్కు పుండుకు కారణం కానట్లే, భూమి క్షీణతకు ఈ మొక్క కారణం కాదు. అతిమేతను అదుపు చేయకుండా దీనిని పెరికివేసినచో నేల మరింత బట్టబయలగును.

పాకే కాండాలు నేలను తాకిన చోట వేరూనుతాయి. కావున విభజనయే సులభమైన ప్రవర్ధన విధానం. వసంతంలో చాప అంచు నుండి, అప్పటికే వేర్లున్న చిన్న ముక్కలను తీసి, ముతక ఇసుక, సన్నని గులక ఎక్కువగా కలిపిన మిశ్రమంలో నాటవలెను. మధ్యభాగం తరచు ముదిరి ఉంటుంది గనుక అది పనికిరాదు. ఆకుల క్రింద గులక పరచినచో మెడ భాగం పొడిగా ఉంటుంది. ముక్కలు నిలదొక్కుకొనే వరకు మిశ్రమంలో తేమ ఆరనీయరాదు.

విత్తనం తాజాగా ఉండవలెను. దానిని లోతుగా పూడ్చక, పైపైన చల్లి, పలుచగా ఇసుక కప్పిన చాలును.

కుండీలలో పెంచే మొక్కలు చలికంటె తడివల్లనే ఎక్కువగా చనిపోతాయి. నూగు పట్టి ఉంచిన నీరు ఆరకపోతే చాప నల్లబడి కుళ్ళుతుంది. అందుచేత కుండీని నీటి పళ్ళెంలో కొంతసేపు ఉంచి, క్రిందినుండి తడి అందించడం మేలు. చలికాలపు వర్షాలు అధికంగా ఉండే బ్రిటన్ వంటి చోట్ల పైన గాజుపలక అమర్చి, ప్రక్కలనుండి గాలి ఆడనిస్తారు. కుళ్ళిన భాగాన్ని వెంటనే కోసి, ఖాళీని ముతక ఇసుకతో నింపినచో చుట్టుప్రక్కల కొమ్మలు మరల ఆ చోటికి పాకుతాయి.