స్లాలమ్ స్కీ, బోటు కొనేముందు: పది చిట్కాలు

1922లో అమెరికాలోని మినసోటాలో, లేక్ పెపిన్ మీద రాల్ఫ్ శామ్యూల్‌సన్ రెండు చెక్కపలకలపై నిలబడి వాటర్ స్కీయింగ్‌కు నాంది పలికాడు. అందులో ఒకే స్కీ మీద రెండు పాదాలూ ఉంచి, నీటిపై తేలే ఆరు బంతులను అటూ ఇటూ చుట్టివచ్చే పోటీ స్లాలమ్. అమెరికాలో సరస్సుల దగ్గర ఉంటున్న మనవాళ్ల ఇళ్లలో పిల్లలు ఈ ఆట నేర్చుకుంటామంటే, పేరున్న కంపెనీ కోసం వెతక్కండి. స్కీ మనిషి బరువుకూ వేగానికీ తగ్గట్టుండాలి, బోటు వెనక అల తక్కువగా లేవాలి. ఈ రెండూ కుదిరితే ఆట సగం వచ్చినట్టే.

1. ముందు కాలు తేల్చుకోండి. రెండు స్కీల మీద వెళ్తూ ఒక్కో పాదాన్ని కాస్త పైకెత్తి చూడండి. ఏ కాలిమీద నిలకడగా ఉండగలిగితే అది ముందుకు. స్కీమీద పాదాలను పట్టి ఉంచే పాదరక్షలు బిగించేది దీన్నిబట్టే.

2. పొడవును ఎత్తునుబట్టి కాదు, బరువును, వేగాన్నిబట్టి ఎంచుకోండి. పెద్దవాళ్ల స్కీలు ఎక్కువగా 65 నుంచి 69 అంగుళాల మధ్య ఉంటాయి. వేగం తగ్గితే నీరు స్కీని పైకెత్తే బలమూ తగ్గుతుంది. అందుకే అదే బరువున్న మనిషికి గంటకు 34 మైళ్ల వేగంలో సరిపోయే స్కీ 28 మైళ్ల వేగంలో చిన్నదవుతుంది. కంపెనీ పట్టికలో రెండు సైజుల మధ్య పడితే, నేర్చుకునేవాళ్లు పెద్దదే తీసుకోవాలి.

3. మొదటి స్కీ వెడల్పుగా ఉండాలి. లోతు నీటిలోంచి తేలిగ్గా లేస్తుంది, తక్కువ వేగంలోనూ మునగదు. పోటీల సన్నని స్కీ కొత్తవారిని అలసిపోయేలా చేస్తుంది.

4. పూర్తి కార్బన్ స్కీ తేలిక, గట్టి, ఖరీదు. ఫైబర్‌గ్లాస్ కలిసినది కాస్త వంగుతుంది, చిన్న పొరపాట్లను సర్దుకుంటుంది, ధరా తక్కువే. నేర్చుకునేవారికి ఇదే మేలు.

5. పాదరక్షలు తొడిగి, మడమ పైకి లేస్తోందేమో చూడండి. మొదట్లో ముందు కాలికి బూటు, వెనక కాలికి వేళ్లు దూర్చే పట్టీ చాలు. రెండు కాళ్లకూ బూట్లుంటే, పడినప్పుడు రెండూ ఒకేసారి ఊడాలి. ఒకటే ఊడితే చీలమండకు ప్రమాదం.

6. స్కీ అడుగున ఉండే ఫిన్‌ను కంపెనీ అమర్చిన కొలతల్లోనే ఉంచండి. అంగుళంలో వెయ్యో వంతుల్లో జరిపినా స్కీ నడక మారుతుంది. విప్పాల్సివస్తే ముందు కాలిపర్‌తో కొలిచి రాసుకోండి.

7. బోటులో ఇంజన్ మధ్యలో ఉన్న రకం స్లాలమ్‌కు శ్రేష్ఠం. స్కీ నాటిక్, మాస్టర్‌క్రాఫ్ట్ ప్రోస్టార్, మాలిబు టీఎక్స్‌ఐ ఈ కోవలోవే. వీటి వెనక అల చిన్నగా, మెత్తగా ఉంటుంది. వేక్‌సర్ఫింగ్ బోట్లు పెద్ద అల కోసమే తయారైనవి. ఉన్నది అదే అయితే బరువు కోసం నింపే నీటి ట్యాంకులు ఖాళీ చేసి లాగించండి.

8. కొనేముందు మీరు స్కీ చేసే వేగంలో, మీ తాడు పొడవులో ఆ బోటు వెనక వెళ్లి చూడండి. వేగం మారితే అల మారుతుంది. జీపీఎస్‌తో వేగాన్ని నిలిపే జీరో ఆఫ్ లాంటి పరికరం ఉంటే, మలుపు మలుపుకీ లాగుడు ఒకేలా ఉంటుంది. పాత బోటైతే అడుగు భాగంలోని చెక్క దూలాలు పుచ్చిపోయాయేమో మెకానిక్‌తో చూపించండి.

9. తాడు కొద్దిగా మాత్రమే సాగేదై ఉండాలి, బోటు మధ్యలోని స్తంభానికి కట్టాలి. కోర్సులో బంతులు మధ్యగీతకు 11.5 మీటర్ల దూరంలో ఉంటాయి. మేటి ఆటగాళ్లు తాడును అంతకన్నా పొట్టిగా చేసుకుని, ఒళ్లు చాచి అందుకుంటారు. కొత్తవాళ్లు 18.25 మీటర్ల పొడవుతోనో, ఇంకా పొడవుగానో మొదలుపెట్టాలి.

10. లైఫ్ జాకెట్‌పై అమెరికా కోస్ట్ గార్డ్ ఆమోదముద్ర చూసి కొనండి. పోటీల పలచని జాకెట్లు చాలావాటికి అది ఉండదు. ఇంజన్ నడుస్తుండగా వెనక మెట్టుమీద ఎవరినీ కూర్చోనివ్వకండి, అక్కడ కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. నడిపేవారు కాక, స్కీయర్‌నే చూస్తూ మరొకరు బోటులో ఉండాలి. ఖర్చు వరుస ఇలా పెట్టుకోండి: ముందు జాకెట్, తర్వాత క్లబ్బులో పాఠాలు, ఆపైన స్కీ, అన్నిటికన్నా చివర బోటు.