515301: మడకశిర పిన్‌కోడ్‌ను విడగొడదాం రండి

మడకశిరకు ఉత్తరం రాస్తే చిరునామా చివర 515301 అని వేస్తాం. ఈ పిన్‌కోడ్ పద్ధతి మన దేశంలో 1972 ఆగస్టు 15న మొదలైంది. మొదటి మూడంకెలు అనంతపురం ప్రాంతాన్ని, చివరి మూడు బట్వాడా చేసే పోస్టాఫీసును చెబుతాయి. 2022లో మడకశిర శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చినా నంబరు మాత్రం అదే. పోస్ట్‌మ్యాన్‌కి అది ఊరి గుర్తు, మనకేమో ఆరంకెల సంఖ్య. క్యాలిక్యులేటర్ పక్కన పెట్టి, దాని ప్రధాన కారణాంకాలు కనుక్కుందాం.

చివర 1 ఉంది కాబట్టి 2తో, 5తో పోదు. అంకెల మొత్తం 15, అంటే 3వ ఎక్కంలో పోతుంది:

515301 = 3 × 171767

171767 మళ్లీ 3తో పోదు. 7, 11, 13, 17, 19, 23 వరసగా వేసి చూడండి, అన్నిటికీ శేషం మిగులుతుంది. 29 దగ్గర తెగుతుంది:

171767 = 29 × 5923

మరి 5923 ప్రధాన సంఖ్యేనా? ఏ సంఖ్య అయినా రెండు కారణాంకాలుగా విడిపోతే, అందులో చిన్నది వర్గమూలాన్ని దాటదు. 77 × 77 = 5929 కాబట్టి 77 లోపు చూస్తే చాలు. 29 కన్నా చిన్నవి ముందే తేలిపోయాయి. 29 నుంచి 73 దాకా ఉన్న పన్నెండు ప్రధాన సంఖ్యల్లో దేనితోనూ 5923 పోదు. కాబట్టి అది ప్రధాన సంఖ్యే.

515301 = 3 × 29 × 5923

ఇప్పుడు పక్కనున్న హిందూపురం, 515201. ఇది మొండిది. 97 దాకా ఏ ప్రధాన సంఖ్యతోనూ పోదు! ఇక్కడో కిటుకుంది. 100 అంటే 101లో ఒకటి తక్కువ. అందుకే సంఖ్యను రెండేసి అంకెలుగా విడదీసి, ఒకటి కూడుతూ ఒకటి తీసేస్తూ పోతే, సున్నా వచ్చినప్పుడు 101తో పోతుంది. 51 − 52 + 01 = 0. కాబట్టి 515201 = 101 × 5101. రెండూ ప్రధాన సంఖ్యలే. అదే మడకశిరకైతే 51 − 53 + 01 = −1. ఒక్కటి తేడాలో తప్పిపోయింది.

చిన్న కారణాంకాలున్న సంఖ్య త్వరగా లొంగుతుంది, లేనిది సతాయిస్తుంది. రివెస్ట్, షమీర్, ఆడల్‌మన్ 1977లో తయారుచేసిన ఆర్‌ఎస్‌ఏ పద్ధతికి ఆధారం ఇదే. అందులో 2048 బిట్ల కీ అంటే రెండు భారీ ప్రధాన సంఖ్యల లబ్ధం, 617 అంకెలు. గుణించడం క్షణం పని. విడగొట్టడమే కష్టం. 2020లో 250 అంకెల సంఖ్యను విడగొట్టడానికే సుమారు 2700 కోర్-సంవత్సరాల లెక్క పట్టింది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ప్రధాన సంఖ్యా కాదా అని తేల్చడం వేరు, కారణాంకాలు చూపించడం వేరు. మొదటి పనికి వేగంగా, కచ్చితంగా తేల్చే పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనిపెట్టారు. కయాల్, సక్సేనా అప్పుడే బీటెక్ పూర్తిచేసిన కుర్రాళ్లు! రెండో పనికి మామూలు కంప్యూటర్ మీద అలాంటి దారి ఇంతవరకు దొరకలేదు.

ధర్మవరం, 515671, మీకే వదిలేస్తున్నా. మొదటి కారణాంకం 20 లోపే దొరుకుతుంది. మిగిలినది ప్రధాన సంఖ్యేనని తేల్చాలంటే మాత్రం 199 దాకా వెళ్లాలి. ఓపిక పట్టండి.