కొండ కడుపున కొలను

చిన్నారులారా! పెనుకొండ ఎక్కినప్పుడు "ఇది కూడా అగ్నిపర్వతమేనా?" అని మీరు అడుగుతుంటారు. కాదు. భూగర్భంలో కరిగిన శిల పైకి ఉబకక, లోపలనే మెల్లగా చల్లారితే గ్రానైటు అవుతుంది. మన కొండలు అట్టివే. ఆ శిలాద్రవమే నేలను చీల్చుకొని వెలువడితే అగ్నిపర్వతం.

చైనా, ఉత్తర కొరియాల సరిహద్దున పెక్టు అనే అగ్నిపర్వతం ఉన్నది. దాని ఎత్తు 2,744 మీటర్లు. క్రీ.శ. 946 ప్రాంతంలో అది భీకరంగా బద్దలైంది. అట్టి పేలుడులో లోపలి ద్రవం వెలికి పోగా, ఆధారం లేక శిఖరం కుంగి పెద్ద గొయ్యి ఏర్పడుతుంది. ఆ గోతిలో వాననీరు, మంచునీరు నిండి సరస్సు అయింది. 1962 నాటి ఒప్పందం దానిని ఇరుదేశాలకు పంచింది. అయినా ఉభయులూ పిలిచే పేరుకు అర్థం ఒక్కటే: స్వర్గసరస్సు.

'సరస్సు' శబ్దానికి మూలం 'సృ' ధాతువు. కదలడం దాని అర్థం. ఆ సరస్సు నీరు ఉత్తరపు సందునుండి జారి నదిగా సాగుతుంది. మన పెన్న సైతం కర్ణాటకలో నందికొండల చెంత పుట్టి, ఎల్ల దాటి హిందూపురం సీమకు వస్తుంది. గీత మనుష్యులది, నీరు భగవంతునిది. ఎగువవారు చెరిచిన నీటినే దిగువవారు త్రాగవలసి వస్తుంది. కోనేటిలో ప్లాస్టిక్ సంచి విసిరే ముందు ఈ మాట తలచుకోండి.