కార్డులో పేరు, పాలసీలో మాట

2007 ఏప్రిల్ 1వ తేదీన నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆరోగ్యశ్రీ పథకమును తొట్టతొలుత ప్రారంభించిన మూడు జిల్లాలలో, అనంతపురము, శ్రీకాకుళములతోపాటు మన మహబూబ్‌నగర్ ఒకటి. ఆ సంవత్సరము డిసెంబరులోనే నల్లగొండ కూడ ఆ వరుసలో చేరినది. వానలు మొగము చాటేసిన యేట కూలికై బొంబాయి, పూనా నగరములకు పోవు పాలమూరు జనమునకును, ఫ్లోరైడు నీటిచే తరతరములుగా ఎముకలు వంగిన నల్లగొండ పల్లెలకును ఇట్టి రక్షణ తొలియేటనే అందుట న్యాయమే. ఆనాడు కుటుంబమునకు ఏటా లక్షన్నర రూపాయలును, అవసరమునుబట్టి మరి యేబదివేలును ఉండిన పరిమితి తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి పది లక్షలైనది. ఇంతటి రక్షణ యుండగా, ఒక్క శస్త్రచికిత్సకై పొలము తెగనమ్ముకొని, అదియు చాలక మిత్తికి అప్పుతెచ్చి నలిగిపోవు కుటుంబములు నేటికిని ఈ జిల్లాలలో కనబడుట మిక్కిలి బాధాకరము. కారణము విచారించినచో, పెక్కుచోట్ల అది చట్టములోని లోపము కాదు; రోగము వచ్చుటకు ఎంతో పూర్వమే, ఎవరును గమనింపని యొక చిన్న కాగితపు లోపమువలన ఆ కుటుంబము రక్షణనుండి జారిపోయి యుండుటయే.

ఆరోగ్యశ్రీకి ఆధారము ఆహారభద్రత కార్డు, అనగా మనము రేషన్ కార్డని పిలుచుకొనునది. అది బియ్యము తెచ్చుకొనుటకు మాత్రమే యని తలచి, కోడలు కాపురమునకు వచ్చి యేండ్లు గడచినను ఆమె పేరు చేర్పింపనివారును, బిడ్డ బడికి పోవు వయసు వచ్చువరకు మీసేవ గడప తొక్కనివారును మనలో కలరు. చిరకాలము నిరీక్షించిన పిదప 2025 జులై 14న తిరుమలగిరిలో కొత్త కార్డుల పంపిణీ మొదలైనది. కార్డు చేతికందిన కుటుంబములు అందలి ప్రతి పేరును ఆధార్‌లోని పేరుతోను, పుట్టిన తేదీతోను సరిచూచుకొని, తప్పున్నచో వెంటనే దిద్దించుకొనవలెను. వలసపోవువారు ఈ-కేవైసీ వేలిముద్రను ఉపేక్షింపరాదు. దవాఖాన మంచముపై రోగిని పరుండబెట్టి మీసేవకు పరుగులిడుట చేతులు కాలినాక ఆకులు పట్టుకొనుటయే.

ఇక దవాఖానకు పోయినప్పటి మాట. పథకములో చేరిన ప్రతి ఆసుపత్రియందును ఆరోగ్యమిత్ర యనెడి ఉద్యోగి యుండును; వైద్యుని గదికంటె ముందుగా ఆయన బల్లయొద్దకే పోవలెను. పథకమునకు లోబడిన వ్యాధికి పరీక్షలు, శస్త్రచికిత్స, మందులు, భోజనము, ఇంటికి పంపిన పిదప పదిదినముల మందులు, అన్నియు నగదు లేకయే జరుగవలెను. అట్లుండగా “ముందు ముప్పదివేలు కట్టుడు, కార్డు సంగతి పిదప చూచెదము” అని కౌంటరులో ఎవరైన అన్నచో, కట్టక తప్పని స్థితిలోనైనను రసీదు లేనిదే ఒక్క రూపాయి ఈయకుడు. అక్కడనుండియే 104కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించి, ఆ ఫిర్యాదు నంబరును రసీదు వెనుకనే వ్రాసికొనుడు. ప్రాణాపాయస్థితిలో వచ్చినవానికి తక్షణ చికిత్స చేయుట ప్రభుత్వ వైద్యునికేగాక ప్రైవేటు వైద్యునికిని విధి యని సుప్రీంకోర్టు 1989లో పరమానంద కటారా కేసున స్పష్టముగా చెప్పియున్నది. ముఖ్యమంత్రి సహాయనిధినుండి వచ్చు చెక్కు వేరు, ఆరోగ్యశ్రీ వేరు: అది ప్రభుత్వ విచక్షణకు లోబడిన సాయము, ఇది అర్హుడైనవాడు అడిగి తీసికొనదగిన సేవ. నాయకుని యింటిముందు నిలబడుటకు ముందు ఆరోగ్యమిత్ర ముందు నిలబడుడు.

చౌటుప్పల్, జడ్చర్ల ప్రాంతముల పరిశ్రమలలో నెలకు 21,000 రూపాయల లోపు వేతనము గైకొను కార్మికులు తమ జీతపు చీటీలో ఈఎస్ఐ కోత కలదో లేదో చూచుకొనవలెను. అది యున్నచో కుటుంబమంతటికిని వైద్యము లభించును.

రేషన్ కార్డు లేని చిరుద్యోగులు, దుకాణదారులు, ఆటో నడుపువారు ప్రైవేటు పాలసీలు కొనుచున్నారు. ఇచ్చటనే నష్టము అధికము. ఏజెంటు ఇంటికి వచ్చి, చాయ్ త్రాగుచు, ఆంగ్లములోనున్న ప్రతిపాదన పత్రమును తానే నింపును. “మధుమేహము కలదా, రక్తపోటు కలదా” అను గడులలో, ప్రీమియము పెరుగునను భయముచేతనో, పని త్వరగా తెమలవలెనను తొందరచేతనో, “లేదు” అని గీత గీయును. ఇంటి యజమాని అయిదేండ్లుగా షుగరు మాత్రలు వేసికొనుచున్న సంగతి వాడకట్టంతయు ఎరుగును, ఆ కాగితమొక్కటియే ఎరుగదు. రెండేండ్లకు గుండెపోటు వచ్చి క్లెయిము పెట్టినప్పుడు, “సత్యమును దాచితిరి” అను ఒకే వాక్యముతో ఉత్తరము వచ్చును. కావున ఉన్న రోగమును ఉన్నట్లు చెప్పి వ్రాయించుడు. చెప్పిన రోగమునకు వేచియుండవలసిన కాలము గరిష్ఠముగా 36 నెలలు మాత్రమే; దాచిన రోగమో, పాలసీనే ముంచును. బీమావారు ఆరోగ్యస్థితిని తెలిసికొని పాలసీ యిచ్చిన పిదప, ప్రతిపాదనలో తెలిపిన ఆ రోగమునే సాకుగా చూపి క్లెయిము నిరాకరింపరాదని సుప్రీంకోర్టు 2021లో మన్మోహన్ నందా కేసున తీర్పు చెప్పినది. పత్రమును మరియొకరు నింపినయెడల, అందలి విషయములను మీకు తెలిసిన భాషలో వివరించినట్లు వారు వ్రాసి సంతకము చేయవలెను. ఆ వివరణ వినకయే వేలిముద్ర వేయకుడు. పాలసీ చేరిన ముప్పదిదినములలో నచ్చనియెడల, స్వల్పమైన కోతలు పోను సొమ్ము వాపసు పొందవచ్చును.

2024 మేలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వెలువరించిన ఆదేశములు కొనుగోలుదారునకు గట్టి అండ. నగదురహిత చికిత్సకు అనుమతి కోరిన గంటలోపలను, ఇంటికి పంపునప్పటి తుది అనుమతి మూడు గంటలలోపలను ఈయవలెను. అరువది నెలలు ఎడతెగక కొనసాగిన పాలసీని, మోసము రుజువైన తప్ప, వివరములు దాచితిరని ప్రశ్నింపరాదు. గతములో క్లెయిము తీసికొంటిరను కారణముచే పునరుద్ధరణ నిరాకరించుటకు వీలులేదు. వార్షిక ప్రీమియము గడువు దాటినను ముప్పదిదినముల వ్యవధి కలదు. ఐనను ఆ నడుమ రోగము వచ్చినచో సాధారణముగా రక్షణ యుండదు గాన, ధాన్యము సొమ్ము వచ్చువరకు ఆగుదమని తాత్సారము చేయకుడు. 2025 సెప్టెంబరు 22నుండి వ్యక్తిగత ఆరోగ్యబీమాపై జీఎస్టీ లేదు. రసీదులో ఆ పన్ను వేసిరేమో చూచుకొనుడు.

క్లెయిము తిరస్కృతమైనచో ముందుగా సంస్థయొక్క ఫిర్యాదుల అధికారికి వ్రాతపూర్వకముగా విన్నవించుడు. నెలలోపల సమాధానము రాకున్నను, వచ్చినది తృప్తికరముగా లేకున్నను, ఏడాదిలోగా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయింపవచ్చును; అచ్చట రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఆ మార్గము వలదనువారు రెండేండ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో దావా వేయవచ్చును. 2019 నాటి చట్టము ప్రకారము ఫిర్యాదుదారుడు నివసించు జిల్లాలోనే వేయవచ్చును గాన, కంపెనీ కార్యాలయము ముంబైలో నున్నను విచారణ నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో జరుగును. బీమా సేవ శాశ్వత లోక్ అదాలత్ పరిధిలోనిదే యనియు గుర్తుంచుకొనుడు. కాగితములు వ్రాయుటకు తోడు లేనివారు కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోవచ్చును, లేదా 15100కు ఫోను చేయవచ్చును. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేక ఉచితముగా న్యాయవాదిని ఏర్పాటు చేయుదురు. పోవునప్పుడు పాలసీ, ప్రతిపాదన పత్రపు నకలు, ఆసుపత్రి డిశ్చార్జి పత్రము, తిరస్కరణ లేఖ వెంట తీసికొనిపొండు. ఇచ్చిన ప్రతి అర్జీకి రెండవ ప్రతిపై తేదీతో ముద్ర వేయించుకొనుడు.