చందర్లపాడు పొద్దు, హాస్టల్ పొద్దు

యూట్యూబ్‌లో మార్నింగ్ రొటీన్ అని కొట్టి చూడండి. వచ్చే వీడియోలన్నీ దాదాపు ఒకే మాట చెబుతాయి. ఐదింటికి లేవాలి, చన్నీళ్ళ స్నానం చేయాలి, ధ్యానం చేయాలి, అద్దం ముందు నిలబడి "నేను సాధించగలను" అని పదిసార్లు అనుకోవాలి. హాల్ ఎల్‌రాడ్ రాసిన 'ద మిరకిల్ మార్నింగ్' 2012లో వచ్చింది, రాబిన్ శర్మ 'ద ఫైవ్ ఏయం క్లబ్' 2018లో వచ్చింది. ఈ వీడియోల్లో చాలావాటికి తాతముత్తాతలు ఆ రెండు పుస్తకాలే అని నా అనుమానం.

సెమిస్టర్ మొదటి వారంలో మన హాస్టళ్ళలో కూడా ఈ ఉద్యమం నడుస్తుంది. ఐదింటికి నాలుగు రూముల్లో అలారాలు మోగుతాయి. రెండో వారంలో కూడా మోగుతాయి కానీ, నిద్ర లేచేది అలారం పెట్టినవాడు కాదు, పక్క మంచం వాడు. మూడో వారానికి అందరూ ఒక నిర్ణయానికి వచ్చేస్తారు: "మనకి డిసిప్లిన్ లేదురా." నాకు అభ్యంతరం ఉన్నది ఈ ఆఖరి మాటతోనే. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ వయసులో మన గురించి మనమే ఇలా తీర్పు చెప్పేసుకుంటే అది పొద్దుటి పూటతో ఆగదు. వైవాలోకి, ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలోకి కూడా వెంట వస్తుంది. అందుకే ఉత్సాహం, ఆత్మవిశ్వాసం అనే ఈ రెండూ పొద్దున పూట అసలు ఎక్కడి నుంచి వస్తాయో కాస్త వివరంగా చూద్దాం.

మా ఊరి నుంచి మొదలుపెడతాను. నందిగామ దగ్గర చందర్లపాడు. 2022 దాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. పత్తి, మిరప, సుబాబుల్ పండే ప్రాంతం. ఇక్కడ పొద్దున్నే లేవడాన్ని ఎవరూ రొటీన్ అనరు. గేదె పాలు తీయాలి కాబట్టి లేస్తారు, పాలకేంద్రం వాళ్ళు మన కోసం ఆగరు. సంక్రాంతి దాటాక మిరపకోతల రోజుల్లో కూలికి వెళ్ళే ఆడవాళ్ళు చీకటితోనే లేచి వంట చేసి, క్యారేజీ కట్టుకుని ఆటో ఎక్కాలి. ఎండ ముదిరితే కోత సాగదు. వాళ్ళని ఆపి "మీకింత విల్‌పవర్ ఎలా వచ్చింది?" అని అడిగితే నవ్వుతారు. ఆటోలో మిగతావాళ్ళు ఎదురుచూస్తుంటారు, అంతే. లేవగానే ఏం చేయాలో ముందురోజే తెలుసు, లేచే టైం రోజూ ఒకటే. అన్నిటికన్నా ముఖ్యం, రాత్రి తొమ్మిదికల్లా పడుకుంటారు. వీడియోల్లో ఈ చివరి సంగతి మాత్రం ఎవరూ గట్టిగా చెప్పరు.

అలాగని పల్లెటూరి పొద్దు అమృతం అని రాయడం నా ఉద్దేశం కాదు. వ్యవసాయ మోటార్లకి కరెంటు రాత్రిపూట ఇచ్చిన రోజుల్లో రైతులు ఒంటిగంటకో రెండింటికో లేచి, టార్చిలైటు పట్టుకుని పొలం వెళ్ళి మోటారు వేసేవాళ్ళు. త్వరగా లేవడమే ఉత్సాహానికి కారణమైతే వాళ్ళంత ఉత్సాహంగా ఇంకెవరూ ఉండకూడదు. కానీ పగలంతా కళ్ళు ఎర్రగా ఉండి, మధ్యాహ్నం అరుగు మీద కునికిపాట్లు పడేవాళ్ళు. ఇక ఇంట్లో అందరికంటే ముందు లేచి, అందరికంటే చివర పడుకునే అమ్మల సంగతి వేరే చెప్పాలా? కొడుకు ఎనిమిదింటికి లేచి మంచం మీదే మార్నింగ్ రొటీన్ వీడియో చూస్తున్న ఇంట్లో, ఆ రొటీన్ నిజానికి ఎవరు చేస్తున్నట్టు?

కాబట్టి ఎన్నింటికి లేచాం అన్నదొక్కటే లెక్క కాదు. ఆ టైంకి ఒంట్లో గడియారం ఎంత చూపిస్తోందో కూడా చూడాలి. ఇది మాటవరసకి అన్న గడియారం కాదు. 2017లో వైద్యరంగంలో నోబెల్ బహుమతి జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురికి ఇచ్చింది దీని లోపలి యంత్రాంగాన్ని కనుక్కున్నందుకే. పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో 'పీరియడ్' అనే జన్యువుని పట్టుకుని వాళ్ళు చూపించింది ఇది: ఒక ప్రొటీన్ రాత్రంతా కణంలో పోగవుతుంది, పగలు కరిగిపోతుంది, పోగైనప్పుడు తన తయారీని తానే ఆపేస్తుంది. మన భాషలో చెప్పాలంటే ఫీడ్‌బ్యాక్ లూప్. మనుషుల్లో మాస్టర్ క్లాక్ మెదడు అడుగున, రెండు కళ్ళ నుంచి వచ్చే నరాలు కలుసుకునే చోటికి కాస్త పైన, ఇరవై వేల దాకా కణాల గుంపుగా ఉంటుంది.

సీఎస్ఈ వాళ్ళకి నచ్చే విషయం ఇప్పుడొస్తుంది. ఈ గడియారం సగటున 24 గంటల కంటే పది పన్నెండు నిమిషాలు ఎక్కువ తీసుకుంటుంది. అంటే దాని మానాన దాన్ని వదిలేస్తే రోజూ కొంచెం వెనక్కి జరుగుతుంది. సర్వర్ల గడియారాలు ఇలా జరక్కుండా ఎన్‌టీపీతో సింక్ చేస్తాం కదా, ఒంటికి ఆ ఎన్‌టీపీ సర్వర్ పొద్దుటి వెలుతురు. కంటి రెటీనాలో కొన్ని కణాల పని ముఖ్యంగా బొమ్మ చూడడం కాదు, వెలుతురు ఎంతుందో కొలిచి ఆ మాస్టర్ క్లాక్‌కి చెప్పడం. ట్యూబ్‌లైట్ వేసిన గదిలో వెలుతురు సుమారు 100 నుంచి 300 లక్స్. మబ్బు పట్టిన రోజైనా సరే, పొద్దెక్కాక బయట వేలల్లో ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో లక్ష. కన్ను సర్దుకుపోతుంది కాబట్టి ఇంత తేడా ఉందని మనకి తెలియదు. లేచిన గంటలోపు పదిహేను ఇరవై నిమిషాలు బయట తిరిగితే (సూర్యుడి వైపు కళ్ళప్పగించి చూడక్కర్లేదు, చూడకూడదు కూడా) ఆ రోజుకి సింక్ అయినట్టే, రాత్రి నిద్ర కూడా త్వరగా వస్తుంది. అదే వెలుతురు రాత్రి పదకొండింటికి ముఖం మీద పెట్టుకుంటే గడియారం ఇంకా వెనక్కి పోతుంది.

మా వైపు జూన్ మొదట్లో ఐదున్నర దాటగానే పొద్దు పొడుస్తుంది. జనవరి ఆఖర్లో ఆరూ నలభై అయినా పొడవదు. జనవరిలో ఐదింటికి లేచి గదిలో లైటు వేసుకుని కూర్చున్నవాడు గంటన్నర పైన చీకట్లోనే ఉన్నాడు. ఐదు అనే అంకెలో మహిమేమీ లేదని దీన్నిబట్టి తెలియడం లేదూ?

మన వయసు గురించి కూడా ఒక మాట. టిల్ రోయెన్‌బెర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త బృందం 2004లో చూపించిన ప్రకారం, మనిషి జీవితంలో నిద్రవేళ అన్నిటికంటే ఆలస్యంగా ఉండేది సుమారు ఇరవై ఏళ్ళ వయసులో. ఆ తర్వాత మెల్లగా వెనక్కి వస్తుంది. ఇది బద్ధకం కాదు, వయసు. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం 2014లోనే హైస్కూళ్ళు ఎనిమిదిన్నర కంటే ముందు మొదలుపెట్టొద్దని చెప్పింది, 2022 నుంచి కాలిఫోర్నియాలో అది చట్టం. మనకి అలాంటి చట్టం లేదు, ఏడింటి కాలేజీ బస్సు ఉంది. అలాగని రెండింటి దాకా రీల్స్ చూసి "నా క్రోనోటైప్ ఇంతే మావా" అనడానికి దీన్ని వాడకండి. వయసు జరిపేది గంటో రెండు గంటలో, మిగతాది మన ఫోనే జరుపుతోంది.

ఆదివారం పదకొండింటి దాకా పడుకోవడం ఇంకో సంగతి. వారమంతా ఆరున్నరకి లేచి, ఆదివారం పదకొండింటికి లేస్తే శరీరం నాలుగున్నర గంటల తేడా ఉన్న ఇంకో దేశానికి వెళ్ళొచ్చినట్టే. దీన్ని సోషల్ జెట్‌లాగ్ అంటారు. సోమవారం ల్యాబ్‌లో ఎర్రర్ మెసేజ్ చదివినా బుర్రకెక్కకపోవడానికి ఇదీ ఒక కారణం. ఆదివారం ఒక గంట ఎక్కువ పడుకోండి, చాలు. ఇంకా నిద్ర కావాలంటే మధ్యాహ్నం భోజనం అయ్యాక ఇరవై నిమిషాలు.

ఇప్పుడు అలారం మోగిన క్షణానికి వద్దాం. లేచిన మొదటి పదిహేను నిమిషాల నుంచి అరగంట దాకా మెదడు పూర్తిగా బూట్ అవ్వదు. దీన్ని స్లీప్ ఇనర్షియా అంటారు. నిర్ణయాలు తీసుకునే భాగం అన్నిటికంటే నెమ్మదిగా మేల్కొంటుంది. "ఇవాళ లేవాలా వద్దా" అనే ప్రశ్నని సరిగ్గా ఆ టైంలో ఆ మెదడుని అడుగుతాం, అది "వద్దు" అంటుంది, మనమేమో మనకి క్రమశిక్షణ లేదనుకుంటాం. బూట్ అవుతున్న సిస్టమ్ మీద భారీ ప్రోగ్రామ్ రన్ చేసి, ప్రాసెసర్ బాగాలేదన్నట్టు ఉంటుంది ఇది. మిరపకోత ఆటో ఉపయోగం ఇక్కడే తెలుస్తుంది: పొద్దున నిర్ణయించాల్సిందేమీ మిగలదు. హాస్టల్లో ఆటో రాదు కాబట్టి మనమే ఒకటి తయారుచేసుకోవాలి. రేపు వేసుకునే బట్టలు కుర్చీ మీద పెట్టడం, పక్క రూము ఫ్రెండ్‌తో ఆరున్నరకి గ్రౌండ్‌లో రెండు రౌండ్లు నడుద్దామని మాటిచ్చుకోవడం. వాడు కింద నిలబడి ఉన్నాడని తెలిస్తే లేస్తాం. మొహమాటం చాలా బలమైన శక్తి.

ఫోన్ అలారమే అసలు ఇబ్బంది. దాన్ని ఆపడానికి ఫోన్ చేతిలోకి తీసుకుంటాం, నలభై నిమిషాలు పోతాయి. 2016లో రియో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు వెండి పతకం గెలిచాక కోచ్ గోపీచంద్ ఒక విషయం బయటపెట్టారు: అంతకు ముందు మూడు నెలలు ఆమె దగ్గర ఫోన్ లేదు, ఇక తిరిగి ఇచ్చేస్తానని. అంత పట్టుదల ఉన్న క్రీడాకారిణి విషయంలో కూడా ఆ కోచ్ "చూడకుండా నిగ్రహించుకో" అనే మాట మీద ఆధారపడలేదు, ఫోన్‌నే పక్కకి తప్పించారు. మనం మూడు నెలలు అక్కర్లేదు. రాత్రి పడుకునేటప్పుడు మంచం మీద నుంచి చెయ్యి అందని చోట ఛార్జింగ్ పెడితే చాలు. మామూలు అలారం గడియారం కొనుక్కుంటే ఇంకా మేలు.

ఉత్సాహం సంగతి అయింది, ఆత్మవిశ్వాసానికి వద్దాం. అద్దం ముందు చెప్పుకునే మాటల మీద కెనడాలో జోవాన్ వుడ్ బృందం 2009లో ఒక అధ్యయనం ప్రచురించింది. తమ మీద తమకి అప్పటికే మంచి అభిప్రాయం ఉన్నవాళ్ళకి ఆ మాటలు కొద్దిగా పనిచేశాయి. తక్కువ అభిప్రాయం ఉన్నవాళ్ళు, అంటే ఎవరికి అవి అవసరమో వాళ్ళు, ఆ మాటలు అన్నాక ఇంకా డీలా పడ్డారు. లోపల నుంచి "అబద్ధం" అని ఇంకో గొంతు వినిపిస్తుంది మరి. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త 1977లోనే దీనికి సమాధానం రాశాడు. 'నేను చేయగలను' అనే నమ్మకానికి నాలుగు దారులున్నాయి కానీ, వాటిలో అన్నిటికంటే గట్టిది ఆ పనిని స్వయంగా చేసి ఉండడం. మన లాంటి వాళ్ళు చేసేది చూడడం దాని తర్వాత. మాటలతో ధైర్యం చెప్పుకోవడం వీటికంటే బలహీనం.

దీని ప్రకారం పొద్దుటి పూట ఆత్మవిశ్వాసం కావాలంటే, ఏ విషయంలో భయం ఉందో దాని చిన్న ముక్క ఒకటి తొమ్మిదిలోపు చేసేయాలి. కోడింగ్ భయమా, రాత్రి ఒక ప్రోగ్రామ్‌ని కావాలనే సగంలో, ఒకే ఒక్క టెస్ట్ కేస్ ఫెయిల్ అవుతూ ఉండగా వదిలేసి పడుకోండి. పొద్దున ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోనక్కర్లేదు, ఇరవై నిమిషాల్లో పాసవుతుంది. మాట్లాడాలంటే భయమా, ఒక పేజీ పైకి చదివి, పుస్తకం మూసి అదే విషయాన్ని రెండు నిమిషాలు గోడకి వివరించండి. నాలాంటి ఇంగ్లిష్ మీడియం వాళ్ళు ఇదే పని తెలుగులో చేయొచ్చు, మనలో చాలామందికి తెలుగు స్టేజీ ఎక్కాలంటే భయం. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు ఇంగ్లిష్‌లో చేయొచ్చు. ఇద్దరూ కలిసి చేస్తే ఒకరి భయం ఒకరికి నవ్వులాటగా ఉంటుంది. ఒక ముక్క చాలు. ఏడు పనుల జాబితా పెట్టుకున్న రోజు నాలుగు చేసినా మూడు మిగిలిపోయాయనే అనిపిస్తుంది.

తిండి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఏదో ఒకటి తినండి. చద్దన్నంలో మజ్జిగ పోసుకుని ఉల్లిపాయ కొరుక్కోవడం మా వైపు పాత పద్ధతే, ఇప్పుడు దానికి యూట్యూబ్‌లో కొత్త గౌరవం వచ్చింది. కాఫీ మాత్రం సాయంత్రం నాలుగు దాటాక వద్దు. తాగిన కెఫీన్‌లో సగం ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది.

ఎన్నాళ్ళకి అలవాటవుతుందని అడుగుతారు. 21 రోజులు అనే మాటకి ఆధారం లేదు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి చెప్పిన లెక్క మధ్యస్థంగా 66 రోజులు. ఒక్కొక్కరిని చూస్తే 18 నుంచి 254 దాకా ఉంది. అదే పరిశోధనలో ఇంకో మంచి కబురు, మధ్యలో ఒక రోజు తప్పిపోయినా అలవాటు పెద్దగా దెబ్బతినలేదు. కాబట్టి మిడ్స్ ముందు రోజు తెల్లవార్లూ చదివి ఒక పొద్దు పోగొట్టుకున్నవాళ్ళు మర్నాడు అదే టైంకి లేస్తే సరిపోతుంది, సున్నా నుంచి మొదలుపెట్టక్కర్లేదు.

కాలేజీ బస్సులో వచ్చే డే స్కాలర్లకి వేరే గ్రౌండ్ అక్కర్లేదు, స్టాప్‌కి పది నిమిషాల ముందు వెళ్ళి ఆరుబయట నిలబడితే వెలుతురు కోటాలో చాలావరకు అయిపోయినట్టే. బస్సులో తూర్పు వైపు కిటికీ దొరికితే మరీ మంచిది. గర్ల్స్ హాస్టల్‌లో టెర్రస్‌కి తాళం ఉంటుందని, ఏడు దాకా గేటు తీయరని మన క్లబ్ మీటింగ్‌లోనే కొందరు అన్నారు. అలాంటి చోట కారిడార్‌లో తూర్పు చివర నిలబడి బ్రష్ చేసుకోండి, గదిలో కంటే ఎన్నో రెట్లు వెలుతురు ఉంటుంది. ఆ గేటు ఆరున్నరకే తీయమని వార్డెన్ గారికి ఒక అర్జీ రాస్తే సంతకం పెట్టడానికి మన క్లబ్ వాళ్ళం సిద్ధంగా ఉన్నాం.