పుల్ల పట్టిన ఆంటోనియా

కండక్టర్ అనగానే మనకు బస్సు గుర్తొస్తుంది. భుజాన సంచి, చేతిలో టికెట్లు. ఈ పాఠంలో కండక్టర్ వేరు. ఈమె టికెట్లు కొట్టదు. సంగీతం నడిపిస్తుంది.

పెళ్లిలో సన్నాయి మేళం చూశారు కదా! నలుగురైదుగురు ఉంటారు. ఒకరినొకరు చూసుకుంటూ వాయిస్తారు. అదే ఎనభై, తొంభై మంది కలిసి వాయిస్తే? యూరప్‌లో, అమెరికాలో అంత పెద్ద మేళాలు ఉన్నాయి. వాటిని ఆర్కెస్ట్రా అంటారు. వయొలిన్లు, వేణువులు, బాకాలు, పెద్ద డోళ్లు, అన్నీ ఉంటాయి. వెనక డోలు కొట్టే మనిషికి ముందు వరసలో వయొలిన్ సరిగా వినపడదు. అందుకని అందరికీ కనపడేలా ఒకరు ఎత్తు మీద నిలబడతారు. చేతిలో సన్నని పుల్ల ఉంటుంది. ఆ మనిషే కండక్టర్.

పుల్ల మోగదు. చూపిస్తుంది, అంతే. తాళంలో మొదటి లెక్కకు చెయ్యి కిందికి దిగుతుంది. చివరి లెక్కకు పైకి లేస్తుంది. ఎడమ చేతికి వేరే పని. 'ఇప్పుడు నువ్వు అందుకో', 'కొంచెం తగ్గించు', 'ఇంకా గట్టిగా' అని ఆ చెయ్యి చెబుతుంది.

ఈ పని నేర్చుకోవాలని పట్టుబట్టిన ఒక అమ్మాయి కథ ఇది.

ఆమె 1902లో హాలెండు దేశంలో పుట్టింది. ఊరు రోటర్‌డామ్. తల్లికి పెళ్లి కాలేదు. బిడ్డను వేరేవాళ్లు పెంచుకున్నారు. పేరు కూడా మార్చేశారు. విల్‌హెల్మినా అని పిలిచారు. 1908లో ఆమెను తీసుకుని అమెరికా వెళ్లిపోయారు. ఆ ఇంట్లో పిల్ల సుఖపడలేదు. గోళ్లు కొరుక్కుంటూ ఉండేది. ఆ అలవాటు పోవాలంటే పియానో నేర్పించండి అని డాక్టరు చెప్పాడట. పియానో అంటే హార్మోనియం లాగే మెట్లు నొక్కి వాయించేది. కానీ చాలా పెద్దది. గోళ్ల సంగతి ఏమైందో గానీ, పిల్లకు సంగీతం పట్టుకుంది.

పెద్దయ్యాక ఆమె తన అసలు పేరే పెట్టుకుంది. ఆంటోనియా బ్రికో. అక్షరాలు వచ్చాక మనం ముందుగా రాసింది మన పేరే కదా. ఆమె సంతోషం మనకు తెలుస్తుంది.

1923లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదువు పూర్తయింది. 1927లో జర్మనీ వెళ్లింది. బెర్లిన్ నగరంలో ప్రభుత్వ సంగీత విద్యాలయంలో చేరింది. కండక్టర్ పనిలో పై చదువు అక్కడ చదివింది.

ఏం చదువు అది? అన్నిటికంటే ముందు, చదవడమే! ఆర్కెస్ట్రా పాటను పుస్తకంగా రాస్తారు. దాన్ని స్కోరు అంటారు. ఒక్కొక్క వాద్యానికి ఒక్కొక్క వరస. ఒక పేజీలో ఇరవై వరసల దాకా ఉండొచ్చు. మనం ఒక వరస చదివి, కింది వరసకు వస్తాం. కండక్టర్ ఆ వరసలన్నీ ఒకేసారి చదవాలి. అన్నీ కలిస్తే ఎలా వినిపిస్తుందో మనసులోనే వినాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్ని బాకాలకు కాగితం మీద 'స' రాస్తే పలికేది కింది 'మ'. ఇవన్నీ కళ్లతోనే సరిచేసుకోవాలి. మొదట్లో మనకు ఒత్తులు, గుణింతాలు ఎంత కష్టమనిపించాయి! ఇది అంతకు ఎన్నో రెట్లు.

1929లో ఆంటోనియా ఆ చదువు పూర్తి చేసింది. అక్కడ ఆ పై తరగతి ముగించిన మొదటి అమెరికన్ ఆమే. కార్ల్ ముక్ అనే పేరుమోసిన కండక్టర్ దగ్గర కూడా నేర్చుకుంది. 1930లో బెర్లిన్ ఫిల్‌హార్మొనిక్ ముందు నిలబడి పుల్ల ఎత్తింది. అది చాలా గొప్ప ఆర్కెస్ట్రా. పత్రికలు ఆమెను మెచ్చుకున్నాయి. అదే ఏడాది అమెరికాలో కూడా కచేరీ నడిపింది.

అసలు కష్టం ఇక్కడే మొదలయింది.

వయొలిన్ నేర్చినవాళ్లు ఇంట్లో కూర్చుని సాధన చెయ్యొచ్చు. కండక్టర్ వాద్యం మనుషులు. ఎవరో ఒకరు ఆర్కెస్ట్రాను చేతికి ఇస్తేనే సాధన. ఇవ్వకపోతే నేర్చిన విద్య చేతిలోనే ఉండిపోతుంది. ఆ రోజుల్లో ఆర్కెస్ట్రాలను మగవాళ్లే నడిపేవారు. ఆడమనిషికి ఎవరిస్తారు?

1933లో ఒక అవకాశం దొరికింది. అమెరికాలో అప్పుడు పనులు లేక జనం అల్లాడుతున్నారు. పని పోయిన వాద్యకారులు న్యూయార్క్‌లో ఒక ఆర్కెస్ట్రాగా ఏర్పడ్డారు. దాన్ని ఆంటోనియా నడిపింది. కచేరీలు బాగా జరిగాయి. తర్వాత ఒక కచేరీలో పేరున్న గాయకుడు పాడాలి. ఆడమనిషి నడిపిస్తే నేను పాడను అన్నాడు. జనం తనను కాక ఆమెను చూస్తారని అతని బెంగ. ఆమె కచేరీ పోయింది.

ఆంటోనియా ఊరుకోలేదు. వాద్యాలు బాగా వాయించగల ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లకూ చోటు లేదు. వాళ్లను కూడగట్టి 1934లో ఆడవాళ్ల ఆర్కెస్ట్రా పెట్టింది. బాకాలు ఊదింది ఆడవాళ్లే, డోళ్లు కొట్టిందీ ఆడవాళ్లే. అమెరికా అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ ఆమెకు అండగా నిలిచింది. 1939లో అందులో మగవాళ్లనూ చేర్చుకుంది. ఆడ, మగ పక్కపక్కన కూర్చుని వాయించడమే ఆమెకు కావలసింది.

1938లో ప్రసిద్ధి చెందిన న్యూయార్క్ ఫిల్‌హార్మొనిక్‌ను నడిపిన మొదటి స్త్రీ ఆమే అయింది. అయినా పెద్ద ఆర్కెస్ట్రాలేవీ ఆమెకు శాశ్వతమైన పని ఇవ్వలేదు. 1942లో ఆమె డెన్వర్ అనే ఊరు చేరి స్థిరపడింది. పియానో పాఠాలు చెప్పుకుంది. పగలంతా వేరే పనులు చేసుకునే వాళ్లతో కూడిన ఆర్కెస్ట్రాను ఏళ్ల తరబడి నడిపింది. ఏడాదికి నాలుగైదు కచేరీలు. అంత చదువుకు అది చాలా తక్కువ.

ఆమె శిష్యురాలు, గాయని జూడీ కాలిన్స్ మరొకరితో కలిసి ఆమె మీద సినిమా తీసింది. అది 1974లో వచ్చింది. అందులో ఆంటోనియా తన దుఃఖం దాచుకోకుండా చెప్పింది. సినిమా చూశాక ఆమెను మళ్లీ పిలిచారు. 1975లో న్యూయార్క్‌లో ఆమె పుల్ల ఎత్తింది. అప్పటికి డెబ్బై దాటాయి.

చెప్పండి చూద్దాం:
కండక్టర్ ఇంట్లో ఒంటరిగా ఎందుకు సాధన చెయ్యలేదు?
గాయకుడు పాడనని ఎందుకన్నాడు?
మీ ఊళ్లో ఆడవాళ్ల చేతికి ఇవ్వని పని ఏదైనా ఉందా?