మెడకూ మేడకూ మధ్య

తప్పు పోతుందేమోనని తెలిసిన జవాబు కూడా చెప్పకుండా కూర్చోవడం, సెమినార్ పేపరు నాలుగుసార్లు చించి రాసి చివరికి ఇవ్వకుండానే ఊరుకోవడం మన బెంచీల మీద రోజూ చూసేదే. మనస్తత్వశాస్త్రం దీన్ని పరిపూర్ణతావాదం అంటుంది. బాగా రాయాలనుకుంటే మంచిదే. బాగా రాయకపోతే నేను దేనికీ పనికిరాను అనుకోవడంతోనే పేచీ.

పాల్ హెవిట్, గోర్డన్ ఫ్లెట్ అనే పరిశోధకులు 1991లో దీన్ని మూడు రకాలుగా విడదీశారు. మన నుంచి మనమే కోరుకునేది, ఎదుటివాళ్ల నుంచి మనం కోరేది, ఎదుటివాళ్లు మన నుంచి తప్పులేనితనమే కోరుతున్నారని మనం నమ్మేది. సిరోంచ దిక్కు నుంచి తెలుగు చదవడానికి వచ్చినవాళ్లను పట్టుకునేది ఈ మూడోదే అని నా అభిప్రాయం. లెక్కల్లో తప్పు పోతే లెక్క తప్పింది అంటారు. తెలుగులో తప్పు పోతే 'నువ్వు అసలు తెలుగు పిల్లవేనా?' అని అడుగుతారు.

ఆ ఊరు తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలె. ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఈ దిక్కు కాళేశ్వరం, ఆ దిక్కు సిరోంచ. 1860లో నిజాం ఆ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకు ఇచ్చిండు. కొన్నేళ్లు అప్పర్ గోదావరి జిల్లాకు సిరోంచే కేంద్రం. తర్వాత చాందా జిల్లాలో కలిసింది. 1960లో మహారాష్ట్ర వచ్చింది, 1982లో గడ్చిరోలి జిల్లా అయింది. మనుషులు ఉన్నచోటనే ఉన్నారు, ఇండ్లలో తెలుగు అట్లనే ఉంది. బడి చదువు మాత్రం చాలామందికి మరాఠీలో.

అందుకే అక్కడివాళ్ల తప్పులకు ఒక పద్ధతి ఉంటది. మరాఠీ రాసే దేవనాగరిలో ఎ, ఏ లకు వేర్వేరు అక్షరాలు లేవు. ఒ, ఓ లకూ లేవు. మెడ అని రాయాలన్నా, మేడ అని రాయాలన్నా గుర్తు ఒక్కటే. పదేళ్లు ఆ లిపిలో నడిచిన చెయ్యి తెలుగులోకి వచ్చి 'మేడలో గొలుసు వేసుకుంది' అని రాస్తది. నోరు మాత్రం ఏనాడూ అట్ల అనదు! మాటలతో ఇంకో చిక్కు. మరాఠీలో అభ్యాస్ అంటే చదువుకోవడం, శిక్షణ్ అంటే విద్య. 'రాత్రంతా అభ్యాసం చేసిన' అంటే ఇక్కడ సంగీతమో డాన్సో అనుకుంటారు. మా ఇంట్లో రెండు భాషలూ ఒకే పొయ్యి దగ్గర నడుస్తయి కాబట్టి ఈ తికమక నాకు బాగా తెలుసు.

కారణం తెలిస్తే అది దిద్దుకోవాల్సిన ఒక గుణింతం, అంతే. తెలియకపోతే 'నాకు తెలుగు రాదు' అయి కూర్చుంటది. అక్కడి నుంచి 'నేనే తక్కువ' దాకా పోవడానికి ఎంతోసేపు పట్టదు. ఆత్మగౌరవాన్ని కొలవడానికి మోరిస్ రోసెన్‌బర్గ్ 1965లో పది వాక్యాలు తయారుచేశాడు. ఇప్పటికీ వాడుతున్నారు. ఆ పదింటిలో మార్కుల ఊసే లేదు.

గిడుగు రామమూర్తి (1863–1940) పుట్టినరోజున, ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటం. 'స్వచ్ఛమైన తెలుగు' అనే మాట ఆ రోజే ఎక్కువ వినపడటం చిత్రం. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రాతల్లో, వాళ్ల వ్యాకరణం ప్రకారమే ఉన్న తప్పులను ఏరి చూపించిన మనిషాయన. పండితులకే అందని కొలత బడిపిల్లలకు ఎట్ల అందుతది?

దిద్దొద్దని అనడం లేదు. మెడ, మేడ తేడా నేర్చుకోవాల్సిందే. కానీ రాస్తున్నప్పుడే దిద్దితే రాత ఆగిపోతది. మొదట ఇంటి మాటల్లో ఆపకుండా రాసేయాలి. మర్నాడు పెన్సిల్ పట్టుకుని పైకి చదవాలి, ఆ పూటకు ఎ-ఏ, ఒ-ఓ లు మాత్రమే చూడాలి. నోటికి తేడా తెలుసు కాబట్టి చెవి పట్టేస్తది. ఒత్తుల సంగతి ఇంకో పూట. వినేవాళ్లకూ ఒక పని ఉంది. వాక్యం పూర్తయ్యేదాకా నవ్వకుండా ఉండాలి, తప్పేదో తర్వాత చెప్పాలి.

ఈ పత్రిక కింద ఒక తెల్లకాగితం అంటించినం. నోట్‌బుక్కును వహీ, తరగతిని ఇయత్తా అన్నట్టు మీ ఇంట్లో వాడే మాటలు ఏవైనా ఉంటే అందులో రాయండి. గుణింతం తప్పినా కొట్టేయకండి, పెన్సిల్ పక్కనే కట్టి ఉంది.